బ్రహ్మకమలానికి మందు ఎంత, ఎప్పుడు ఆపాలి

మూడేళ్ల మొక్క. గోలెం నిండా పచ్చగా ఉంది. రెండు గజాల కొమ్మలు పిట్టగోడ ఎక్కి అవతలికి వేలాడుతున్నాయి. పూవు మాత్రం ఒక్కటీ లేదు. పక్కింట్లో ఉన్నది కూడా అదే తల్లి నుంచి తెచ్చిన ఆకే. పాత పెయింటు డబ్బాలో ఇరుక్కుని, బక్కగా, రంగు కూడా కాస్త తేలిపోయి ఉంటుంది. ఆషాఢంలో దానికి ఒక్క రాత్రే తొమ్మిది పూలు. ఇది చూసిన ఎవరికైనా మొదట తోచేది ‘మనదానికి బలం చాలట్లేదు, ఇంకో చెంచా ఎరువు మందు వేద్దాం’ అనే. నల్గొండ, పాలమూరు ఇళ్లలో పూయకుండా మొండికేసిన బ్రహ్మకమలాల్లో చాలావాటికి అసలు జబ్బు దీనికి తలకిందులుగా ఉంటుంది. బలం ఎక్కువై పూత మానేసిన మొక్కలవి.

మందు తెచ్చి పెట్టేది పూతను కాదు. పూతకు కావలసిన ఒంటిని అది సిద్ధం చేస్తుంది, అంతే. పూతను లేపేవి వెలుతురు, చలికాలపు విశ్రాంతి, బెట్ట (నీళ్లు తగ్గించి ఎండనివ్వడం), ఆ తర్వాత పడే వాన. ఈ వరస తెలిస్తే ఎన్ని గ్రాములు వేయాలన్నది చిన్న లెక్క. ఎప్పుడు ఆపాలన్నదే పెద్ద లెక్క.

చెట్టు పంగలో పుట్టిన కాక్టస్

మన ఇళ్లలో బ్రహ్మకమలం అనే ఈ మొక్క అసలు పేరు ఎపిఫిల్లమ్ ఆక్సీపెటాలమ్. హిమాలయాల్లో పూసే, ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పమైన బ్రహ్మకమలంతో దీనికి ఏ చుట్టరికమూ లేదు. ఇది దక్షిణ మెక్సికో, మధ్య అమెరికా అడవుల కాక్టస్. ముళ్లు కనపడవు కాబట్టి నమ్మబుద్ధి కాదు గానీ, నాగజెముడుది, డ్రాగన్ ఫ్రూట్‌ది, దీనిది ఒకటే కుటుంబం. మనం ఆకు అనేది కూడా నిజానికి ఆకు కాదు, పలకలా సాగిన కాండం. దాని అంచులో అలల్లా ఉండే నొక్కుల్లోనే మొగ్గ పుడుతుంది. అందరూ ఆకు అనే అంటారు కాబట్టి ఇక్కడా అలాగే అందాం.

పుట్టినచోట ఇది నేలలో పెరగదు. పెద్ద చెట్ల పంగల్లో వేళ్లు పెట్టుకుని బతుకుతుంది. మామిడి మీద బదనిక లాగా చెట్టు రసం పీల్చదు, ఆసరా మాత్రమే తీసుకుంటుంది. తిండి అంటే పంగలో పోగైన ఆకుల చెత్త, పిట్టల రెట్ట, వాన నీళ్లలో కరిగి జారివచ్చే కాసిన్ని లవణాలు. వాన పడుతుంది, వేళ్లు తడుస్తాయి, అరగంటలో నీరంతా జారిపోతుంది. తిండి కొంచెం, అదీ పలుచగా, నీళ్లు వచ్చి పోయేవి: దాని వేళ్లకు అలవాటైనది ఇంతే. బస్తా మందు గుప్పెడు తీసి కుండీ మొదట్లో పోయడం ఈ అలవాటుకు ఎంత దూరమో దీన్ని బట్టే అర్థమవుతుంది.

ఆ దూరాన్ని అంకెల్లోనూ చూడొచ్చు. పొలానికి తెచ్చిన డీఏపీ బస్తా ఇంట్లో ఉంటే చేయి ఊరుకోదు. గుప్పెడు 50 గ్రాములు అనుకుందాం. డీఏపీ అంటే 18:46:0, అంటే నూటికి 18 పాళ్లు నత్రజని, 46 పాళ్లు భాస్వరం, పొటాష్ సున్నా. 50 గ్రాముల్లో 9 గ్రాముల నత్రజని, 23 గ్రాముల భాస్వరం. ఇదే మొక్కకు ఇవ్వదగ్గ మోతాదులో, అంటే లీటరు నీటికి అర గ్రాము 19:19:19 కలిపి, ఆ నీళ్లు అర లీటరు పోస్తే, ఒక్కసారికి అందే నత్రజని గ్రాములో ఇరవయ్యో వంతుకు కొంచెం తక్కువ. గుప్పెడు డీఏపీలో అలాంటివి 190 సార్ల నత్రజని ఉంటుంది. ఏడాదికి పదిసార్లు ఇచ్చే లెక్కన 19 ఏళ్ల తిండి ఒక్క పూటలో పెట్టినట్టు.

అంకెలు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

ప్యాకెట్ మీద మూడు అంకెలు ఎప్పుడూ ఒకే వరసలో ఉంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్. నత్రజని ఆకును సాగదీస్తుంది. ఎక్కువైతే మొక్క నడిమి నుంచి సన్నగా, గుండ్రంగా, కొరడాల్లాంటి కొమ్మలు లేస్తాయి. అవి పలకలుగా విప్పారవు, అంచుకు నొక్కులు రావు. నొక్కులే లేకపోతే మొగ్గకు చోటేదీ? కొరడాలు ఒకటో రెండో రావడం మామూలే, మొక్క పైకి పాకడానికి అవి కావాలి. ఏడాదంతా అవే వస్తుంటే మాత్రం నత్రజని ఎక్కువైనట్టు, లేదా వెలుతురు తక్కువైనట్టు.

భాస్వరం దగ్గర ఒక పాత నమ్మకం గట్టిగా పాతుకుపోయింది. భాస్వరం ఎక్కువ వేస్తే పూలు ఎక్కువ వస్తాయని, అందుకే ‘పూల మందు’ పేరుతో అమ్మే ప్యాకెట్లలో చాలావాటికి నడిమి అంకె పెద్దగా ఉంటుంది. మొక్కకు భాస్వరం కావాలి, కానీ నత్రజని, పొటాష్‌లతో పోలిస్తే చాలా కొద్దిగా. లోటు ఉన్న చోట భాస్వరం వేస్తే పూత పెరుగుతుంది, లోటు లేని చోట వేస్తే పెరగదు. మిగిలిపోయిన భాస్వరం కుండీలోనే ఉండి ఇనుమును, జింకును మొక్కకు అందకుండా పట్టేస్తుంది. పచ్చగా ఉండాల్సిన లేత ఆకు తెల్లబారితే చాలామంది ఇంకో చెంచా మందు వేస్తారు, పరిస్థితి ఇంకా దిగజారుతుంది.

ఈ మొక్క ఎక్కువగా అడిగేది పొటాష్. నీటిని కండలో పట్టి ఉంచడానికి, చక్కెరలను మొగ్గదాకా చేర్చడానికి అదే ఆధారం. ఒక్క రాత్రి కోసం జానెడుకు పైగా పొడవుండే పూవును విప్పడం చిన్న పని కాదు.

కొనడానికి దూరం పోనక్కర్లేదు. బత్తాయికి, మిరపకు డ్రిప్పులో వదిలే నీటిలో కరిగే మందులే మనకూ కావలసినవి. ఎరువుల దుకాణంలో 19:19:19, 13:0:45, 0:52:34 కిలో ప్యాకెట్లలో దొరుకుతాయి. ఒక కుండీకి ఏడాదికి పట్టే మందు మొత్తం 3 గ్రాముల దగ్గర, కాబట్టి కిలో కొంటే కాలనీ అంతా పంచుకోవచ్చు. గాలి తగిలితే చెమర్చి గడ్డ కడతాయి. గాజు సీసాలో బిగించి, పేరు రాసి, వంటింటికి దూరంగా పెట్టాలి. చూడ్డానికి అచ్చం ఉప్పులాగే ఉంటాయి.

అర గ్రాము తూచడం కష్టం, అసలు తూచనే అక్కర్లేదు. 5 గ్రాములు, అంటే తలగొట్టిన చిన్న టీ చెంచాడు, 10 లీటర్ల బకెట్‌లో కలిపితే లీటరుకు అర గ్రాము పడినట్టే. అన్ని నీళ్లు వద్దనుకుంటే 5 గ్రాములు ఒక లీటరులో కరిగించి, అందులోంచి 100 మిల్లీలీటర్లు తీసి 900 మిల్లీలీటర్ల మంచినీళ్లలో కలపండి. మిగిలిన చిక్కటి నీళ్లు దాచకుండా వేరే మొక్కలకు ఇలాగే పలుచన చేసి పోసేయండి.

బత్తాయి రైతు చేసేదే

నల్గొండ జిల్లాలో పూత గురించి ఎవరికైనా తెలియాలంటే బత్తాయి రైతుకు తెలియాలి. చెట్టు ఊరికే పచ్చగా పెరుగుతూ పోతే కాపు రాదు. అందుకే పూత కావలసిన కాలానికి ముందు నీళ్లు ఆపి తోటను బెట్టకు వదులుతారు. తేలిక చల్కా నేలల్లో తక్కువ రోజులు, బరువైన రేగడిలో ఎక్కువ రోజులు. ఆకు కాస్త వాడి, కొంత రాలుతుంది. అప్పుడు ఎరువు వేసి, తడి ఇస్తారు. ఆ తడితో పూత లేస్తుంది. బెట్ట లేకుండా ఎరువు ఒక్కటే వేస్తే లేచేది చిగురు.

బ్రహ్మకమలానికి ఇంత గట్టి బెట్ట వద్దు, అది అడవి కాక్టస్ కాబట్టి పూర్తిగా ఎండనిస్తే ముడుచుకుపోతుంది. వరస మాత్రం అదే. మొదట ఆపాలి, తర్వాత తడపాలి, ఆ తడితో పాటు తిండి పెట్టాలి. ఏడాదంతా పది రోజులకోసారి మందు, రోజూ నీళ్లు అందే మొక్కకు పూయాల్సిన అవసరమే కనపడదు.

మందుకు ముందు నీళ్లు

ఎక్కడి నుంచో తెచ్చుకున్న సలహా మన కుండీలో పని చేయకపోవడానికి పెద్ద కారణం నీళ్లు. ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో చాలా బోరు నీళ్లు చవుడు, గట్టి నీళ్లు. ఫ్లోరైడ్ పేరు అందరికీ తెలుసు. ఫ్లోరైడ్‌తో ఆకు కొనలు మాడేది డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ లాంటి మొక్కలకు. వాటికి సూపర్ ఫాస్ఫేట్ కూడా వద్దు, దానిలోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. మన కాక్టస్‌కు అంతకన్నా పెద్ద చిక్కు బైకార్బొనేట్లతో. రోజూ పోసే నీళ్లలో ఉన్న ఈ సున్నపు గుణం నెలలు గడిచేకొద్దీ కుండీ మట్టిని క్షారం వైపు నెడుతుంది. క్షారపు మట్టిలో ఇనుము ఉన్నా కరగదు, వేరుకు అందదు.

కుండీ అంచు చూడండి. మట్టి కుండీ అయితే బయటి గోడ మీద, ప్లాస్టిక్‌దైతే లోపలి అంచు చుట్టూ, గోరుతో గీకితే పొడిగా రాలే తెల్లటి పట్టీ ఉంటుంది. నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునేదీ అదే. ఆ పట్టీ దళసరిగా ఉందంటే మీ మొక్క ఇప్పటికే రోజూ లవణాలు తింటోంది. దాని మీద మీరు పోసే మందు రెండో పూట భోజనం.

లీటరు నీటిలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయో చూపే టీడీఎస్ మీటరు చవకగా దొరుకుతుంది, దాన్ని ముంచితే సంగతి తేలుతుంది. 200 లోపు ఉంటే ఏ చింతా లేదు. 500 వరకు నెట్టుకు రావొచ్చు, నెలకోసారి కుండీ కడిగితే. 1000 దాటిన నీళ్లు ఈ మొక్కకు పోయకపోవడమే మంచిది. అర గ్రాము మందు లీటరుకు దాదాపు 500 మిల్లీగ్రాముల లవణాన్ని చేరుస్తుంది. 900 ఉన్న బోరు నీళ్లలో అది కలిస్తే వేరు దగ్గరికి చేరేది 1400.

ఇక్కడ ఒక అలవాటు గురించి గట్టిగానే చెప్పాలి. ఇంట్లో ఫిల్టరు నుంచి వదిలేసే ఆర్వో వ్యర్థపు నీళ్లు పారబోయడం ఎందుకని మొక్కలకు పోస్తుంటారు. ఆ నీళ్లు అసలు బోరు నీళ్ల కన్నా చిక్కనివి. 900 లోపలికి పోయి మూడో వంతు మంచినీళ్లు బయటికి వస్తే, మిగిలిన నీళ్లు 1300 దగ్గర ఉంటాయి. బండలు కడగండి, బాత్రూంలో వాడండి, బ్రహ్మకమలానికి మాత్రం వద్దు.

ఏ నీళ్లు మంచివి? వాన నీళ్లను మించినవి లేవు. వంద చదరపు అడుగుల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన కురిస్తే 90 లీటర్లకు పైగా దిగుతుంది, గొట్టం కింద డ్రమ్ము పెడితే చాలు. మొదటి వాన దుమ్ము వదిలేసి రెండో వాన నుంచి పట్టుకోవాలి. ఏసీ నుంచి కారే నీళ్లు కూడా మెత్తనివే. కృష్ణా నీళ్లు వచ్చే నల్లా ఉంటే బోరు కన్నా అదే మేలు. బోరు తప్ప దిక్కు లేనప్పుడు లీటరుకు చిటికెడు నిమ్మ ఉప్పు కలిపితే క్షారం కాస్త విరుగుతుంది, కానీ అది కొద్ది రోజుల ముచ్చట. మట్టిలోని సూక్ష్మజీవులు నిమ్మ ఉప్పును తినేశాక గుణం మళ్లీ మొదటికొస్తుంది.

కుండీ కడగడం అంటే మట్టి మార్చడం కాదు. 8 అంగుళాల కుండీలో సుమారు 4 లీటర్ల మట్టి పడుతుంది. దానికి ఒక బకెట్ మెత్తని నీళ్లు నెమ్మదిగా, మూడు నాలుగు విడతల్లో పోసి, అడుగు రంధ్రం నుంచి పూర్తిగా కారనివ్వాలి. కింద పళ్లెంలో నిలిచిన నీటిని పారబోయాలి, లేకపోతే కడిగిన లవణమంతా మళ్లీ పైకి పీల్చుకుంటుంది. వానకాలంలో మొక్కను రెండు మంచి వానల్లో ఉంచితే ఈ పని దానంతట అదే అయిపోతుంది.

మట్టి గురించి రెండు మాటలు. ఉత్త చల్కా మట్టి కుండీలో బిగుసుకుంటుంది, రేగడి అసలే పనికిరాదు. రెండు పాళ్లు కోకోపీట్, ఒక పాలు వర్మీ కంపోస్టు, ఒక పాలు దొడ్డు ఇసుక లేదా గోటి సైజు ఇటుక ముక్కలు, గుప్పెడు బొగ్గు. కోకోపీట్‌లోనే ఉప్పు ఉంటుంది, మూడు నీళ్లు కడిగి పిండాకే వాడాలి. కుండీ కాస్త ఇరుకుగా ఉంటేనే పూత బాగుంటుంది. పెయింటు డబ్బా మొక్క రహస్యాల్లో ఇదొకటి.

కార్తెల లెక్కన ఏడాది

శివరాత్రికి చలి వెనుకడుగు వేస్తుంది, ఆకు కొనల్లో ఎర్రటి లేత చిగురు కనపడుతుంది. అప్పుడు మొదలు. లీటరుకు అర గ్రాము 19:19:19, పదిహేను రోజులకోసారి, ఉగాది దాకా రెండు మూడు సార్లు. ముందు రోజు సాయంత్రం మామూలు నీళ్లు పోసి, తెల్లవారి తడి మట్టిలోనే మందు నీళ్లు పోయాలి. ఎండిన మట్టిలో పోస్తే వేరు కొనలు మాడతాయి.

ఏప్రిల్ వచ్చిందంటే మందు బంద్. ఎందుకో తెలియాలి, ఎందుకంటే చాలామంది తప్పు చేసేది ఇక్కడే: ఎండకు వాడిపోతోందని బలానికి మందు పోస్తారు. కాక్టస్‌లు పగలు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీలుస్తాయి. మన మే నెలలో రాత్రి కూడా గోడలు సెగలు కక్కుతుంటాయి, మొక్క సరిగా గాలే పీల్చుకోదు. పెరుగుదల ఆగుతుంది, వేరు తిండి తీసుకోదు, నీరు ఆవిరై లవణం మాత్రం మట్టిలో మిగులుతుంది. రోహిణి కార్తెకు రోళ్లే పగులుతాయంటారు, ఆ కాలంలో మొక్కకు కావలసింది నీడ. 50 శాతం గ్రీన్ నెట్ కింద, పడమటెండ తగలని చోట పెట్టి, పొద్దున్నే నీళ్లు పోస్తే చాలు.

మెల్లగా కరిగే గుళికల మందు వాడేవాళ్లకు ఇదే కాలం గండం. ఆరు నెలలు వస్తుందని డబ్బా మీద రాసేది 21 డిగ్రీల చుట్టూ ఉండే వేడిని లెక్కలో పెట్టుకుని. వేడి పెరిగితే గుళిక పొర త్వరగా వదిలేస్తుంది. డాబా మీద 42 డిగ్రీల్లో ఆరు నెలల సరుకు ఎన్నో వారాలు ఆగదు. అది కూడా మొక్క తినలేని రోజుల్లోనే దిగుతుంది.

మృగశిర చినుకులు పడి, వారం రోజులు ఎండ తగ్గాక పూత మందు. లీటరుకు 13:0:45 అర గ్రాము, 0:52:34 పావు గ్రాము. బకెట్ లెక్కలో చెప్పాలంటే మొదటిది ఒక చెంచా, రెండోది అర చెంచా. ఈ కలయికలో నత్రజని ఒక వంతయితే భాస్వరం రెండు వంతులు, పొటాష్ దాదాపు అయిదు వంతులు పడుతుంది. 0:52:34కు కాస్త ఆమ్ల గుణం ఉంది, మన నీళ్లకు అదీ కలిసొస్తుంది. పదిహేను రోజులకోసారి, రెండు లేదా మూడు సార్లు.

ఈ రోజుల్లో నొక్కులను దగ్గరగా చూస్తుండాలి. మొదట గుండుసూది తలంత ఎర్రటి చుక్క. అది చిగురో మొగ్గో వారం దాకా తేలదు. చిగురైతే పలుచగా, మొన తేలి పైకి సాగుతుంది. మొగ్గయితే గుండ్రంగా లావెక్కి, కాడ కిందికి జారి, తర్వాత కొంగ మెడలా పైకి వంపు తిరుగుతుంది. చుక్క నుంచి పూవు దాకా మూడు నుంచి నాలుగు వారాలు. విచ్చుకునే రోజు మధ్యాహ్నానికే మొగ్గ ఉబ్బి, ఎర్రటి తొడుగుల సందుల్లోంచి తెల్లదనం తొంగి చూస్తుంది. రాత్రి ఎనిమిది దాటాక కదలిక మొదలవుతుంది, అర్ధరాత్రికి పూర్తిగా విప్పారుతుంది, తెల్లవారేసరికి వాలిపోతుంది.

మొగ్గ బొటనవేలంత అయ్యాక మందు ఆపండి. ఈ దశలో ఎక్కువ బలం పడితే మొగ్గ పసుపెక్కి రాలుతుంది. కుండీ తిప్పినా, చోటు మార్చినా, ఒకరోజు మట్టి బాగా ఎండి మర్నాడు మునిగేలా నీళ్లు పోసినా రాలుతుంది. మొగ్గ వచ్చిన సంతోషంలో కుండీని వీధి వైపు తెచ్చి పెట్టడం అలవాటు. పూవు విప్పిన రాత్రి తెచ్చుకోండి, అందాకా ఉన్నచోటే ఉండనివ్వండి.

మొదటి విడత పూశాక పది రోజులు ఆగి, వానకాలం మిగిలినన్నాళ్లూ ఒకసారి 19:19:19, మరోసారి పూత మందు, మార్చి మార్చి ఇవ్వొచ్చు. ఈ కాలంలో విప్పారి ముదిరిన ఆకులే వచ్చే ఏడాది పూసేవి. బతుకమ్మ సాగనంపిన తర్వాత మందు పూర్తిగా ఆపాలి, మళ్లీ శివరాత్రి దాకా ముట్టకూడదు. నీళ్లు కూడా పైన రెండు అంగుళాల మట్టి ఎండాకే. ఆకు కాస్త పలుచబడి, మెత్తబడితే కంగారు పడొద్దు. ఈ నాలుగు నెలల పస్తే జూన్ పూతకు పెట్టుబడి.

వంటింటి మందులు

ఆముదం పండే నేలలు మనవి, ఆముదం పిండి చవకగా దొరుకుతుంది. నూటికి 4 నుంచి 5 పాళ్లు నత్రజని ఉన్న మంచి ఎరువు. పొటాష్ తక్కువ కాబట్టి పూతకు కాదు, శివరాత్రి తర్వాత చిగురుకు ఒక చెంచా సరిపోతుంది. అందులోని రిసిన్ విషం. కుక్కలున్న ఇంట్లో అసలు వాడొద్దు, వాసనకు తవ్వి తింటాయి, ప్రాణం పోతుంది. వేపపిండి అయితే ఆ భయం లేదు.

పొయ్యి బూడిదలో పొటాష్ నిజమే, సున్నమూ అంతే నిజం. ఆమ్లపు నేలల్లో మంచిదే, మన బోరు నీళ్ల మీద వేస్తే పుండు మీద కారమే. కోడిగుడ్డు పెంకులు కాల్షియం కోసం అంటారు, గట్టి నీళ్లలో అది కావలసినదానికన్నా ఎక్కువే ఉంది. ఎముకల పొడి కరగడానికి మట్టిలో ఆమ్లం కావాలి, మన దగ్గర అది ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. అరటి తొక్కలు కంపోస్టులో కుళ్లాక బాగుంటాయి. నీళ్లలో నానబెట్టి పోస్తే దక్కేది కాస్త పొటాష్, బోలెడు ఈగలు. వాడిన టీ పొడి, చక్కెర లేకుండా కడిగి ఎండబెట్టినది, నెలకో చెంచా చొప్పున మట్టిలో కలిపితే నష్టం లేదు. వీటన్నిటికన్నా వర్మీ కంపోస్టు నమ్మదగ్గది. వానకాలం మొదట్లో ఒకసారి, అర పిడికెడు, పైపైన.

రంగు చెప్పే సంగతులు

లేత ఆకు పసుపెక్కి, ముదురు ఆకు పచ్చగానే ఉంటే ఇనుము అందట్లేదు. ఎరువుల దుకాణంలో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) ఉంటుంది. 2 గ్రాముల అన్నభేది, అర గ్రాము నిమ్మ ఉప్పు లీటరు నీటిలో కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయాలి, వారం తేడాతో రెండుసార్లు. గచ్చు మీద పడితే తుప్పు మరక పోదు, కింద పాత గోనె పరుచుకోండి. మట్టిలో పోసే ఇనుము కొనేటట్టయితే ఈడీడీహెచ్ఏ రకం అడగండి. ఈడీటీఏ రకం క్షారపు మట్టిలో నిలవదు.

దీనికి తలకిందులుగా ముదురు ఆకు ముందు పాలిపోతే మెగ్నీషియం తక్కువ. పొటాష్ ఎక్కువ పోసేవాళ్లకు ఇది వస్తుంది. లీటరుకు 1 గ్రాము మెగ్నీషియం సల్ఫేట్ ఒకసారి చాలు. ఆకంతా రాగి రంగుకు తిరిగితే ఎండ ఎక్కువైంది, మందుతో పనిలేదు. ఆకు కొన నల్లగా మాడితే లవణం పేరుకుంది, కుండీ కడగాలి. మట్టి తడిగా ఉన్నా ఆకు ముడుచుకుపోతుంటే వేరు కుళ్లింది. అప్పుడు ఏ మందూ వద్దు. మంచి ఆకు ఒకటి కోసి, అయిదారు రోజులు నీడన ఆరబెట్టి, గాయం మూసుకున్నాక కొత్త మట్టిలో నాటడమే దారి. ఆ పిల్ల మొక్క పూయడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఆ లోపు పూత మందు దండగ.

మిగతా కాక్టస్‌లకు

క్రిస్మస్ కాక్టస్‌కు ఇదే మందు సరిపోతుంది, ఇంకా సగం మోతాదులో. సెప్టెంబరుకే ఆపాలి. దానికి మొగ్గ రావాలంటే రోజుకు 12 గంటలు దాటిన చీకటి, 15 నుంచి 18 డిగ్రీల రాత్రులు, ఆరు వారాల పాటు కావాలి. మన దగ్గర అక్టోబరు నుంచి రాత్రి పొడవు చాలినంత ఉంటుంది, చలి రావడానికే నవంబరు దాటుతుంది. హాల్లో పదకొండింటి దాకా ట్యూబులైటు వెలిగితే ఆ చీకటీ దక్కదు. లైటు పడని వరండాలో పెట్టండి.

గుండ్రటి ముళ్ల కాక్టస్‌లకు ఏడాదికి మూడుసార్లు, లీటరుకు పావు గ్రాము. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా దాదాపు నీళ్లే వద్దు. ఎర్ర తల, పసుపు తల ఉన్న అంటు కాక్టస్‌లకు ఆ తలలో పచ్చదనమే లేదు, కింది డ్రాగన్ ఫ్రూట్ కాండం పెట్టిందే తింటుంది. దాన్ని పూయించాలని మందు పోయడం వృథా. నర్సరీలో ముళ్ల కాక్టస్ మీద ఎప్పుడు చూసినా వాడని గరుకు పూవు కనిపిస్తే కొనేముందు మెల్లగా గోటితో కదిపి చూడండి, జిగురుతో అంటించినవి ఉంటాయి.

బ్రహ్మకమలం పూశాక వాలిపోయిన పూవును లాగొద్దు, రెండు మూడు రోజుల్లో కాడతో సహా దానంతట అదే ఊడి పడుతుంది. పూసిన ఆకును పాతదైందని కోయొద్దు. ఆ నొక్కు మళ్లీ పూయదు గానీ, అదే అంచున ఖాళీగా ఉన్న మిగతా నొక్కులు వచ్చే ఏడాదికి ఉంటాయి.